ఉప్పెన తర్వాత అలక పాట

ఫోను మీద వేలు ఆనించి పాట మార్చుకునే పిల్లలు మీరు. నచ్చకపోతే సగంలో వదిలేస్తారు, నచ్చితే అక్కడికక్కడే మళ్ళీ వేసుకుంటారు. నేను సర్కారు సినిమా వ్యానులో ఆపరేటరుగా పనిచేసిన రోజుల్లో, ఒక ఊరివాళ్ళు చూసిన పాటనే మళ్ళీ చూడాలంటే మా వ్యాను మళ్ళీ ఆ ఊరు వచ్చేదాకా ఆగాలి. వానలు పట్టుకుని రేగడి దారులు దిగబడిపోతే నెలలు గడిచేవి. అయినా ఆగేవాళ్ళు. వ్యాను ఊళ్ళోకి వచ్చీ రాగానే, "ఆ పాట తెచ్చారా, లేదా?" అని అడిగేవాళ్ళు. ఏ పాట అని మేం అడగనక్కర్లేదు. ఏ ఊరికి ఏ పాట ఇష్టమో మాకు నోటికి వచ్చేసింది.

అరవైల చివర్లో ఉద్యోగంలో చేరాను. మాది కొల్లూరు దగ్గర లంక పల్లె. ఉద్యోగం కోసం తెనాలిలో గది తీసుకున్నాను. ఇటు బాపట్ల దాకా, అటు రేపల్లె దాటి సముద్రపు ఒడ్డు దాకా మేం తిరగాలి. వ్యానులో ఒక జనరేటరు, చిన్న ప్రొజెక్టరు, తెల్లగుడ్డ తెర, దాన్ని కట్టడానికి వెదురు గడలు, ఒక మైకు. చూపించవలసినవి ప్రభుత్వం వారి చిత్రాలు. ఎరువులు, టీకాలు, కుటుంబ నియంత్రణ. వీటి కోసం జనం రారని పైవాళ్ళకీ తెలుసు. అందుకని పాత సినిమాల్లోంచి కత్తిరించిన పాటలూ డాన్సులూ ఒక డబ్బాలో పెట్టి ఇచ్చారు. ముందు ఒక పాట, తర్వాత ఎరువు. మళ్ళీ పాట, తర్వాత టీకా. మా ఆఫీసరుగారు మాత్రం నెలనెలా పంపే నివేదికలో, ప్రజలు మన సందేశాత్మక చిత్రాలను విశేషంగా ఆదరించుచున్నారని రాసేవారు. అబద్ధం కాదు. పాట కోసం కూర్చున్నవాళ్ళు యూరియా గురించి కూడా వినేవాళ్ళు.

నాతో పాటు ఉండేది మా డ్రైవరు. నాకంటే చాలా పెద్దవాడు. బాపట్ల మనిషి, లూథరన్ క్రైస్తవుడు. నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బాయ్ అనేవాడు. కాలవగట్ల మీద వ్యాను తోలుతూ సన్నగా కీర్తనలు పాడుకునేవాడు. సినిమా పాటలంటే పడదని చెప్పేవాడు గాని, పాట మొదలయ్యేసరికి తెర పక్కన ఎక్కడో ఒక చోట నిలబడే ఉండేవాడు.

"పడదన్నావుగా బాబాయ్?" అంటే, "తెర గాలికి ఊగుతుందేమోనని చూస్తున్నాలేరా" అనేవాడు.

తెనాలి చుట్టుపక్కల నాటకాలు చూసి పండిన జనం. వాళ్ళకి రాజసభలో నర్తకి చేసే నాట్యం కావాలి. అదీ ఊరికే చూడరు. అరుగు మీద ముసలాయన ఒకడు తొడ మీద తాళం వేస్తూ, "అదిగో, అక్కడ కాలు తడబడింది చూడండి" అని చెప్పేవాడు. తెర మీద కాలు ప్రతిసారీ అక్కడే తడబడేది, ఆయనా ప్రతిసారీ అదే చెప్పేవాడు. బాపట్లలో కాలేజీ కుర్రాళ్ళకి క్లబ్బు డాన్సు కావాలి. ఈలలకి నా చెవులు గింగురుమనేవి. వేమూరు దగ్గర ఒక ఊళ్ళో ప్రొజెక్టరుని వెనక్కి తిప్పే మీట నా మోచెయ్యి తగిలి నొక్కుకుపోయింది. నర్తకి మెట్ల మీద వెనక్కి వెనక్కి ఎక్కిపోతూ, చల్లిన పూలన్నీ మళ్ళీ చేతుల్లోకి తీసుకుంది. నేను కంగారుపడి ఆపేశాను. జనం ఒప్పుకుంటేగా! "అట్టాగే ఎయ్యండి సార్, ఇదే బావుంది" అని గోల.

నా మటుకు నాకు రాజనర్తకి నాట్యమే ఇష్టం. చదువుకున్నవాణ్ణన్న గర్వం కొంత. మా డబ్బాలో ఒక అలక పాట ఉండేది. అదంటే నాకు చిన్నచూపు. మోటు పాట అనుకునేవాణ్ణి.

ఏ సినిమాలోదో నాకు తెలియదు. పాట ముక్క మాత్రమే మా దగ్గర ఉండేది. కథ చాలా చిన్నది. పల్లెటూరి మొగుడూ పెళ్ళాం. పెళ్ళాం అలిగింది. మొగుడు ఇటునుంచి వస్తే అటు తిరుగుతుంది, అటునుంచి వస్తే చేట అడ్డం పెట్టుకుంటుంది. వాడు కోడెదూడలా గెంతుతాడు, తుండు ముసుగేసుకుని అత్తగారిలా నడుస్తాడు, ఎట్లాగో ఆమెను నవ్విస్తాడు. అంతటితో పాట అయిపోతుందనుకుంటాం. అప్పుడు మొగుడు అలుగుతాడు. ఇంత బతిమాలించుకుంటావా అన్నట్టు గంప బోర్లించి దాని మీద కూర్చుని మొహం తిప్పేసుకుంటాడు. ఇక బతిమాలడం ఆమె వంతు. చుట్టూ తిరిగి ఆడుతుంది, గడ్డం పట్టుకుంటుంది, చెవిలో పువ్వు పెడుతుంది. చివరికి రెండు చేతులూ పట్టి లాగి లేపుతుంది. ఇద్దరూ కలిసి చిందులేస్తూ ఇంట్లోకి వెళ్ళిపోతారు.

ఈ పాట రేపల్లె అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెకి ప్రాణం. తాటిచెట్లు, ఇసుక, నాలుగు వరుసల పూరిళ్ళు. ఊరి మధ్య బడి ముందున్న ఖాళీలో తెర కట్టేవాళ్ళం. అక్కడ ఆ పాటని తెర మీద చూసేవాళ్ళు తక్కువ. తెర ముందు చూసేవాళ్ళే ఎక్కువ.

ఎందుకంటే ఆ ఊళ్ళో ఒక జంట ఉండేది. అతను కల్లుగీత పని చేసేవాడు. సన్నగా, పొడుగ్గా, నల్లటి మనిషి. ఆమె అతని భుజం దాకా కూడా రాదు, కాస్త బొద్దుగా ఉండేది. పిల్లల్లేరు. పాట మొదలవగానే జనం "లెగండర్రా, లెగండి" అని వాళ్ళని తోసేవాళ్ళు. ఆమె కొంగు నడుముకి బిగించి, ఎవరింట్లోదో చేట పట్టుకుని వచ్చేది. అతను తలకి చుట్టిన తుండు తీసి భుజాన వేసుకునేవాడు. ప్రొజెక్టరు వెలుతురులో తెర అడుగున వాళ్ళిద్దరి నీడలూ పడేవి. తెర మీద ఏం చేస్తే కింద అదే. కాకపోతే తెర మీదవాళ్ళు ఎప్పుడూ ఒకేలా చేసేవాళ్ళు, వీళ్ళు ప్రతిసారీ ఏదో ఒకటి కలిపేవాళ్ళు. ఒకసారి అతను అలిగి కూర్చుంటే ఆమె బతిమాలకుండా, "అయితే ఆడనే కూకో" అని వెళ్ళి జనంలో కూర్చుంది. అతను మెడ తిప్పి తిప్పి చూస్తుంటే జనం పొట్టలు పట్టుకున్నారు. ప్రొజెక్టరు దగ్గర నేనూ నవ్వాను. మా డ్రైవరు తెర పట్టుకునే నెపం కూడా మర్చిపోయి జనంలోకి వెళ్ళి నవ్వాడు.

నవ్వనిది ఒక్కతే. ఆమె తల్లి. విధవరాలు, కూతురి దగ్గరే ఉండేది. చివర్న గోడకి ఆనుకుని కూర్చుని, "సంసారం చేసుకునే ఆడది పదిమందిలో ఈ తైతక్కలేంటి! వాడికి బుద్ధి లేదు, దీనికి సిగ్గు లేదు" అని గట్టిగానే సణిగేది.

అల్లుడు ఊరుకునేవాడు కాదు. "అత్తా, నువ్వు కూడా రా. నీకూ అలకెక్కువేగా" అని పిలిచేవాడు.

"నీ మొహం మండ!" అని ఆవిడ ముసుగు లాక్కునేది.

డెబ్బై ఏడులో దీపావళి వెళ్ళాక ఉప్పెన వచ్చింది. దాని గురించి మీరు చదివే ఉంటారు. చదివింది వేరు, చూసింది వేరు. నేను ఆ గాలికి తెనాలిలో గదిలో తలుపుకి మంచం అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. తెల్లారి చూస్తే వీధిలో పెంకులూ కొమ్మలే. అదే పెద్ద నష్టమనుకున్నాం. సముద్రం వైపు ఏమైందో తెలియడానికి చాలా సమయం పట్టింది. బాపట్లలో గోడలు కూలి ఎందరో పోయారు. మా డ్రైవరు అన్న కూతురు, పెళ్ళీడు పిల్ల, వాళ్ళలో ఉంది. పిల్ల సమాధి కార్యక్రమం అయ్యాక ఆయన తిరిగి వచ్చి వ్యాను తాళాలు అడిగాడు. "ఇంకొన్నాళ్ళు ఉండకపోయావా బాబాయ్?" అన్నాను. "ఇంటికాడ ఉండి ఏం జేస్తాంరా" అన్నాడు. కీర్తనలు పాడటం మాత్రం మానేశాడు.

మాకు ఆర్డరు వచ్చింది. శిబిరాలకి వెళ్ళాలి. నీళ్ళు కాచి తాగమనీ, కలరా సూదులు వేయించుకోమనీ చిత్రాలు చూపించాలి. ఆఫీసరుగారు నన్ను పిలిచి ప్రత్యేకంగా చెప్పారు. "పాటల డబ్బా ముట్టుకోవద్దు. శవాలు ఇంకా దొరుకుతున్నాయి. అక్కడ సరసాల పాటలు వేశామంటే మనం మనుషులం కాదు."

"అలాగేనండి" అన్నాను. మనసులో కూడా అలాగే అనుకున్నాను. ఆ డబ్బా వ్యానులో సీటు కింద ఉండిపోయింది, అంతే.

రేపల్లె దాటిన తర్వాత దారిని గురించి నేను ఎక్కువ రాయను. కోతకి వచ్చిన వరి బురదలో పడుకుని ఉంది. చెట్ల కొమ్మల్లో బట్టలు వేలాడుతున్నాయి. బాబాయ్ అద్దం పైకెత్తేసి, రోడ్డు తప్ప పక్కకి చూడకుండా తోలాడు.

మెరక మీద ఉన్న ఒక బడిలో శిబిరం పెట్టారు. చుట్టుపక్కల పల్లెల్లో మిగిలినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. వ్యాను ఆగగానే మామూలుగా అయితే జనం మూగాలి. ఎవరూ లేవలేదు. వరండాలో, చింతచెట్టు కింద, ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చుని చూశారు. ఏడుపు కూడా లేదు. నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది అందుకే.

అలక పాట పల్లె బడిపంతులు అక్కడ కనిపించాడు. గంజి వండే చోట పేర్లు రాసుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి, నేను అడక్కుండానే, వరండా చివర స్తంభానికి ఆనుకుని ఉన్న మనిషిని చూపించాడు. గీత పని అతనే. గడ్డం మాసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. చేతుల లోపలి వైపు, ఛాతీ మీద, చర్మం అంతా గీరుకుపోయి పుండ్లు కట్టి ఉంది.

"ఆమేది?" అన్నాను.

పంతులు తల అడ్డంగా ఊపాడు. జరిగింది ఆయనే చెప్పాడు. నీళ్ళు వస్తున్నాయని కేకలు వినపడి ముగ్గురూ తాటితోపు మెరక వైపు పరిగెత్తారు. చూస్తూండగానే నీళ్ళు నడుము దాకా వచ్చేశాయి. అతనికి చెట్టు ఎక్కడం వచ్చు, చెట్టెక్కే మోకు కూడా చేతిలో ఉంది. ఒకసారికి ఒక్కరినే ఎక్కించగలడు. భార్య చెయ్యి పట్టుకుంటే ఆమె విదిలించుకుని, "ముందు అమ్మని ఎక్కించు, నేను చెట్టు పట్టుకుని ఉంటా" అని అరిచింది. అతను ముసలామెను వీపున కట్టుకుని ఎక్కి, పైన మట్టలకి కట్టేసి కిందికి దిగేసరికి చెట్టు మొదట్లో ఎవరూ లేరు.

"ఆ ముసలావిడ అదిగో, ఆ గదిలో ఉంది" అన్నాడు పంతులు. "తెల్లారి దిగంగానే ఒకే మాటంది అతన్ని. 'నన్నెందుకు ఎక్కించావురా' అని. అంతే. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఆవిడకి గంజి ఇతనే తెచ్చి గుమ్మంలో పెడతాడు. ఆవిడ అటు తిరిగి తాగుద్ది."

పొద్దు గుంకాక తెర కట్టాం. నీళ్ళు కాచడం గురించి చిత్రం వేశాను. పొయ్యి మీద కుండ, కుండలో నీళ్ళు, నవ్వుతూ ఒక ఇల్లాలు. ఇల్లే లేనివాళ్ళు ఆ చిత్రాన్ని చూస్తుంటే నాకే సిగ్గేసింది. రీలు మారుస్తుంటే పక్కన ఎవరో నిలబడ్డట్టు అనిపించి తల తిప్పాను. గీత పని అతను.

"బాబుగారూ, ఆ పాట తెచ్చారా?"

"వద్దులేవయ్యా. ఇప్పుడు వద్దు" అన్నాను.

"ఎయ్యండి బాబూ."

వరండాలో ఉన్న మగవాళ్ళు విన్నారు. ఒకతను లేచి వచ్చి, "ఒద్దండి, ఏయొద్దు. ఆడికి మతి పోద్ది. ఇప్పటికే సగం పోయింది" అన్నాడు. ఇంకెవరో, "ఇళ్ళల్లో పీనుగులు లేసిన కాడ పాటలేంటండీ!" అన్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది.

అతను వాళ్ళ వైపు చూడలేదు. నాతోనే, గొంతు తగ్గించి అన్నాడు. "ఆ పొద్దున్న నా మీద అలిగిందండి. చిన్న మాటే. గాలి తగ్గినాక బతిమాలుకుందాంలే అనుకున్నా. ఇయ్యాలైనా బతిమాలుకోనీండి."

నేను బాబాయ్ వైపు చూశాను. ఆయన తెర గడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వద్దంటాడనుకున్నాను. ఆయన వచ్చి, వ్యానులో సీటు కింద చెయ్యి పెట్టి డబ్బా బయటికి లాగాడు.

"ఆఫీసరుగారు ఒద్దన్నారు బాబాయ్."

"తెలుసు." డబ్బా మూత తుండుతో తుడిచాడు. "మా అన్న తన కూతుర్ని పూడ్చేటప్పుడు కంట తడి పెట్టలేదురా. రాయిలా నిలబడ్డాడు. ఆడోళ్ళంతా భయపడ్డారు, ఈయన కూడా పోతాడేమోనని. పాదిరిగారు కీర్తన ఎత్తుకున్నాక, నాలుగో చరణంలో కూలబడ్డాడు. అప్పుడు గదా మేం పోయి పట్టుకుంది." డబ్బా నా చేతికిచ్చాడు. "ఏమన్నా అంటే నేను వేయించానని చెప్పు."

పాట ఎక్కించాను. ఫిల్ము రెండుసార్లు ప్రొజెక్టరు చక్రం పళ్ళ మీద నుంచి జారింది.

డోలు మొదలైంది. వరండాలో ఎవరో "అయ్యో!" అన్నారు. అతను తెర ముందుకు వెళ్ళాడు. తల మీద తుండు తీసి భుజాన వేసుకున్నాడు. తెర మీద ఆమె చేట అడ్డం పెట్టుకుంది. కింద అతను, ఎవరూ లేని చోటుకి ఎదురుగా నిలబడి, ఇటునుంచి ఒకసారి వంగి చూశాడు. అటు వెళ్ళి వంగి చూశాడు. కోడెదూడలా గెంతాడు. ఛాతీ మీద పుండ్లు చిట్లి ఉంటాయి, ఆ వెలుతురులో తడి మెరిసింది. తుండు ముసుగేసుకుని అత్తగారి నడక నడిచాడు. ఒకప్పుడు పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా పగలబడి నవ్విన నడక. ఎవరూ కదల్లేదు. అతను నోటితో కూడా ఏదో అంటున్నాడు. పాట గోలలో నాకు వినపడలేదు. బతిమాలుతున్నాడని మాత్రం తెలుస్తోంది.

తెర మీద ఆమె నవ్వింది. ఇక మొగుడు అలగాల్సిన వంతు వచ్చింది.

అతను కిందనే కూలబడ్డాడు. గంప లేదు, ఇసుకలోనే. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని మొహం పక్కకి తిప్పుకున్నాడు. తెర మీద ఆమె ఆడుతూ వచ్చి మొగుడి గడ్డం పట్టుకుంది. ఇక్కడ పట్టుకునేవాళ్ళు లేరు. అతను అలా మొహం తిప్పుకునే ఉన్నాడు. ఈ సగం సంగతి అతను ఆలోచించుకున్నట్టు లేదు. నేనూ ఆలోచించలేదు. మీట నొక్కి ఆపేద్దామని చెయ్యి పెట్టాను.

అప్పుడు గది గుమ్మంలోంచి ముసలామె వచ్చింది. గోడ పట్టుకుంటూ వరండా దిగింది. జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. అల్లుడి ముందుకు వెళ్ళి నిలబడి, తెర వైపు ఒకసారి చూసింది. చెయ్యి ఎత్తింది, మళ్ళీ దించింది. పాదం ఒకటి ఎత్తి వేసింది, రెండోది ఎత్తలేక ఒరిగి నిలదొక్కుకుంది. ఆ తైతక్కల్నే ఆవిడ ఆడింది. తాళానికి కుదరలేదు. అతని చుట్టూ, ఆవిడ కాళ్ళకి ఎంత వీలైతే అంత, ఒక చుట్టు తిరిగింది. తర్వాత వంగి అతని గడ్డం పట్టుకుంది.

"లెగరా అయ్యా" అంది. "లెగు. దానికి నీ మీద అలక లేదురా. నాకూ లేదు."

అతను తల ఎత్తి, "అత్తా..." అన్నాడు. ఆవిడ రెండు చేతులూ పట్టి లాగింది. లేపలేకపోయింది. తనే అతని మీద పడిపోయింది. అప్పుడు అతని గొంతులోంచి వచ్చిన కేక ఇన్నేళ్ళయినా నేను మర్చిపోలేదు. వరండాలో ఒకామె అందుకుంది. తర్వాత చెట్టు కింద. తర్వాత బడి అంతా. అన్ని రోజులుగా గంజి తాగి పడుకుంటున్న జనం పేర్లు పెట్టి పిలుస్తూ ఏడ్చారు. పాట ఎప్పుడు అయిపోయిందో తెలియదు. ఫిల్ము చివర రీలుకి కొట్టుకుంటూ టపటపలాడుతోంది. తెర ఖాళీగా తెల్లగా వెలుగుతోంది. బాబాయ్ వ్యాను మెట్టు మీద కూర్చుని తుండు మొహానికి అదుముకుని ఉన్నాడు.

ఆ రోజు ఇంకేమీ వేయలేదు. వేయమని ఎవరూ అడగలేదు. మేం తెర మడుస్తుంటే, మొదట వద్దని నా మీదికి వచ్చినతనే వచ్చి గడలు మోశాడు.

మంచి పని చేశామో, చెడ్డ పని చేశామో నాకు ఇప్పటికీ తెలియదు. పోయినవాళ్ళు తిరిగి రాలేదు. కొందరికి ఆ ఏడుపు ఎంతకీ ఆగలేదనీ, ఒక తల్లిని ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చిందనీ పంతులు తర్వాత చెప్పాడు. అది కూడా మీకు చెప్పాలి. ఆరోజు అందరికీ ఓదార్పు దొరికిందని రాస్తే కథ బావుంటుంది గాని, అలా జరగలేదు.

సంగతి ఆఫీసుకి తెలిసింది. ఆఫీసరుగారు పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. ఉప్పెన తర్వాత నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"వేశావా?"

"వేశానండి."

"ఎందుకు?"

"అడిగారండి."

"అడిగితే వేస్తావా? నేను చెప్పింది ఏంటి?"

డ్రైవరు వేయించాడని నేను చెప్పలేదు. కాని బాబాయ్ నా వెనకే లోపలికి వచ్చి, "నేనే ఎక్కించమన్నానండి. ఇందులో అబ్బాయి తప్పు లేదండి" అన్నాడు. ఆఫీసరుగారు ఆయన మొహం చూసి ఇక ఏమీ అడగలేదు. ఆయన ఇంట్లో ఏం జరిగిందో వారికి తెలుసు. పాటల డబ్బా మాత్రం వెనక్కి తీసేసుకున్నారు. కొత్త సంవత్సరంలో నాకు స్టోరు గదికి మార్పు వచ్చింది. ఫిల్ములకి దుమ్ము దులిపే పని. ఊళ్ళు తిరగడం అంతటితో అయిపోయింది. బాబాయ్ ఇంకొంతకాలం వ్యాను తోలి, రిటైరై బాపట్లలోనే పోయాడు. పాడటం మళ్ళీ మొదలుపెట్టాడో లేదో నేను అడగలేకపోయాను.

డెబ్బైలు పూర్తి కాబోతుండగా, ఒక చలికాలం పొద్దున పొన్నూరు బస్టాండులో బస్సు కోసం నిలబడ్డాను. పక్కన ఒక ముసలావిడ గోనెపట్టా పరుచుకుని తేగలు అమ్ముతోంది. కట్ట ఒకటి తీసుకుని డబ్బులిస్తుంటే నా మొహంలోకి చూసి, "సినిమా బండి బాబు గదా తమరు?" అంది. అప్పుడు గుర్తుపట్టాను. బాగా చిక్కిపోయింది.

కూర్చోమని పట్టా కొంచెం జరిపింది. కూర్చున్నాను.

"అతను ఎలా ఉన్నాడమ్మా?"

"ఉన్నాడు బాబూ. ఈడనే మిల్లులో బస్తాలు మోత్తాడు. చెట్టెక్కడం మానేశాడు. తాటిచెట్టు కనపడితే తల దించుకుని పోతాడు. ఇద్దరం ఒక పాక తీసుకుని ఉంటన్నాం."

"మళ్ళీ పెళ్ళి?"

"నేను చూశాను బాబూ. మంచి పిల్లనే చూశాను. ఒల్లనన్నాడు. ఇంకోళ్ళొస్తే నిన్ను ఎవరు చూత్తారత్తా అంటాడు. నేను పోయినాక చేసుకుంటాలే అంటాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నేనేమో ఎంతకీ పోను."

నేను ఏదో అనబోయాను. ఆవిడ వినిపించుకోలేదు. తేగల కట్టలు సర్దుతూ చెప్పుకుపోయింది.

"ఈడ జనం అడుగుతారు, ఆ అబ్బాయి నీకేమవుతాడని. కూతురు లేకుండా అల్లుడేంటి, వాడి దగ్గర నువ్వుండటమేంటి అంటారు. వాళ్ళకి ఇదంతా ఎక్కడ చెప్తాం? నా కొడుకని చెప్పేశా. వాడితో కూడా అన్నా, ఒరే అబ్బాయా, నన్ను అమ్మా అని పిలువురా, జనం నోళ్ళు మూతపడతాయి అని."

"పిలుస్తున్నాడా?"

"లేదు బాబూ. ఎంత చెప్పినా అత్తా అనే పిలుత్తాడు. మొన్న కోప్పడితే అన్నాడు, 'నేను నిన్ను అమ్మా అన్నాననుకో, నీ కూతురు నాకేమీ కాకుండా పోద్ది అత్తా' అని."

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు కేకేస్తున్నా నేను లేవలేకపోయాను. ఆవిడే నా మోచెయ్యి పట్టి లేపి, "ఎల్లండి బాబూ, సీటు దొరకదు" అంది.